పెద్దాయన బల్ల మీది సిరామరక

మొన్న కడపలో గ్రంథాలయం వార్షికోత్సవానికి నేను చేసిన నిర్వాకం వింటే, మీరు నన్ను మీ గడప కూడా తొక్కనివ్వరు. అయినా చెప్తా.

నేను టెంట్‌హౌస్‌లో కుర్చీలు మోసేవాణ్ణి. పుస్తకాల సంగతి పెద్దగా తెలీదు. ఆ గ్రంథాలయంలోనే ఒక గదిలో, కాలం చేసిన ఒక రచయిత వాడిన సామాన్లన్నీ పెట్టి మ్యూజియం చేసినారు. వచ్చినోళ్లకు అవన్నీ చూపించి కథలు చెప్పే అమ్మాయి పర్వీన్. ఆ గొంతు ఒకసారి విన్నాక, షామియానా గుంజలు పాతుతాంటే కూడా నాకు అదే వినిపిస్తాంది. ఈ ఫంక్షన్ అయ్యేలోపల ఆయమ్మి నాతో ఒక్క మాటన్నా మాట్లాడాల. అంతే, పట్టు పట్టినా.

పొద్దున్నే కుర్చీలేసి లోపలికి పోతే పెద్దాయన రాసుకున్న బల్ల కనపడింది. దాని మీద అరచెయ్యంత సిరామరక. చీఫ్ గెస్ట్ వచ్చే రోజు ఇట్లనా పెట్టేది? మా షాపులో ఆయుధపూజకు సామానంతా తోమేది నేనే. నిమ్మకాయ, సోడా తెచ్చి చేతులు మండేదాకా రుద్దినా. మరక పోయింది. నాలుగు మూలలా పసుపు రాసి, కుంకుమ బొట్లు పెట్టినా. బల్ల పెళ్లికూతురు లెక్క ఉండాది.

గెస్ట్ వచ్చినాడు. పర్వీన్‌కు చెప్పి చెప్పి అలవాటు కదా, బల్ల వైపు చూడకుండానే చెయ్యి చాపింది. "సార్, ఆయన రాసుకుంటాంటే మనవరాలు వచ్చి మెడ పట్టుకోని ఊగిందంట. అప్పుడు ఒలికిన సిరా ఇది. ఆ గుర్తును ఆయన ఎవర్నీ తుడవనియ్యలేదు."

గెస్ట్ కళ్లద్దాలు సర్దుకోని వంగినాడు. "యాడమ్మా?"

పర్వీన్ బల్లను చూసింది. తర్వాత పసుపంటిన నా చేతుల్ని చూసింది.

నేను వెనకడుగేసే మనిషిని కాదు. వాళ్లు ఉపన్యాసాలకు పోంగానే అంగడికి పరిగెత్తి సిరాబుడ్డి తెచ్చి, సరిగ్గా అదే చోట ఒలకబోసినా. అది నిలబడితే కదా, బల్లంతా పారింది. తుడిచేలోపల ఫోటో కోసం గెస్ట్ మళ్లీ వచ్చి, తెల్లచొక్కా మోచేతులు రెండూ దాని మీద ఆనించి నవ్వినాడు.

గ్రంథాలయం చూసుకునే పెద్దసారు మెల్లగా నా పక్కకొచ్చి, "ఏమప్పా, ఈ బల్లను మ్యూజియంలో ఉంచాల్నా, నిన్ను ఉంచాల్నా?" అన్నాడు.

నిన్న కిటికీ బయట నిలబడి విన్నా. "ఇది పాత మరకను కడిగేసిన మహానుభావుడు పోసిన కొత్త మరక," అని పర్వీన్ చెప్తాంది. వచ్చినోళ్లు పడీ పడీ నవ్వుతాండారు. చూసినారా, ఆయమ్మి రోజూ ఊరందరికీ నా గురించే చెప్తాంది. నాతో మాత్రం ఇంకా ఒక్క మాటా మాట్లాడలా.