సుదర్శన్ మాస్టర్ తెరిచి ఉంచిన మూత

అమీర్‌పేట టైలర్ సుదర్శన్ మాస్టర్ ఇక లేరని ఆయన భార్య విజయక్క ఫోన్‌లో చెప్పగానే, ఆ సంగతి ఆయనకే చెబుదామని లేచాను. ఏ దుఃఖవార్త విన్నా ముందు ఆయన దగ్గరికి నడవడం నాకు అంత అలవాటు. గుమ్మం దాటాక గాని స్ఫురించలేదు, పోయింది ఆయనేనని.

పంజాగుట్టలో నేను పనిచేసే కళ్లజోళ్ల దుకాణానికి ఆయన ఒకనాడు భూతద్దం కోసం వచ్చారు. బట్టలు కుట్టడానికి ఇంత శక్తిమంతమైన అద్దం ఎందుకండీ అన్నాను. "బట్టలకు గాదన్నా. జర మా దిక్కు రా, చూపెడ్త" అన్నారు. ఆయన కుట్టు దుకాణం వెనకగదిలో అరలనిండా విమానాలు! ముక్కలు కొని అతికించి కట్టుకునే, అరచేతిలో ఇమిడే ప్లాస్టిక్ కిట్లు. ఏ దేశానివైనా అన్నీ యుద్ధకాలంలో నౌకల మీద నుంచి ఎగిరినవే. ఉప్పుగాలికి వెలిసిన రంగు, ఇంజను పక్కన కారిన నూనె చార, రెక్క మీద బూట్ల రాపిడి. ఇప్పుడే ఎవరో దిగి అలా వెళ్లినట్టుండేది.

ఆ తపస్సు వెనక ఒక అదృశ్యమూర్తి ఉన్నాడు. ఆయన అన్న రాజేశం, సిరిసిల్లలో మగ్గాల ఇంటి నుంచి నేవీలో చేరినవాడు. డెబ్బై ఒకటి యుద్ధంలో సముద్రం మీదికి వెళ్లిన మూడు సీట్ల విమానంలో వైర్‌లెస్ చూసే మనిషి. ఆ విమానం తిరిగి రాలేదు. శకలం కూడా దొరకలేదు. "అన్న ఏడ కూసున్నడో, ఆఖరికి ఏం జూసిండో, గదొక్కటి తెల్సుకోవాలనుకున్న. గట్ల షురువైంది" అన్నారు మాస్టర్.

కిట్టులో విమానం రెండు సగాలుగా వస్తుంది. అతికించాక లోపలిదేదీ పైకి సరిగా కనిపించదు. అయినా ఆయన లోపలి సీటు, పట్టీలు, వైర్‌లెస్ పెట్టె మీది మీటలు అన్నీ చేసి పెట్టేవారు. "మూసేశాక ఎవరికీ కనిపించదు కదా మాస్టారూ, ఏంటీ శ్రమ?" అన్నాను.

"మనకు కనవడదు. లోపల కూసున్నోనికి కనవడాలె గదా."



తల్లి నర్సవ్వకు చివరి రోజుల్లో చూపు ఆనలేదు. "గీండ్ల నా కొడుకు ఏడుంటడు బిడ్డా?" అంటే, ఆయన ఆమె వేలు పట్టి, ఇంకా అతికించని విమానంలో వెనక సీటు తాకించారు. "చీకటుంటదా ఆడ?" అని అడిగిందట ఆమె. ఆ తర్వాత కట్టిన విమానంలో ఆవగింజంత బల్బు అమర్చారు. నర్సవ్వ బతికి ఉన్నన్నాళ్లూ దీపాలవేళ దాన్ని వెలిగించేవారు. ఒకసారి నేను వెళ్లేసరికి ఆ వెలుగుకు ఎదురుగా కూర్చొని ఆమె ఎవరితోనో మెల్లగా మాట్లాడుతోంది. మధ్యమధ్య జవాబు కోసం ఆగుతోంది. నాకు లోపలికి అడుగు పడలేదు.

కొన్నేళ్ల క్రితం నేనూ అక్కడే ఉండగా, బేగంపేటలో ఉండే ఒక విశ్రాంత నౌకాదళ అధికారి సూట్ కుట్టించుకోవడానికి వచ్చారు. మాస్టర్ బల్బు వెలిగించి చూపిన ఆ విమానాన్ని చాలాసేపు చూసి, వెనక సీటు ఇంకాస్త వెనక్కి ఉండాలన్నారు. మాస్టర్ జీవితమంతా దాచుకున్న ప్రశ్న అప్పుడు బయటికి వచ్చింది.

"సార్, నీళ్లల్ల పడ్డంక గీ అద్దాల మూత లోపల్నుంచి తెరుచుకుంటదా?"

అధికారి కొలతలకు చాచిన చేతులు దించారు. "మునిగాక కష్టం. నీటి బరువు తొయ్యనివ్వదు. నీళ్లు తాకకముందే తెరుచుకోవాలి." మాస్టర్ ముఖం చూసి, "తెరిచే ఉంటారు" అన్నారు. ఆ చివరిమాట కరుణతో అన్నదని ముగ్గురికీ తెలుసు. మాస్టర్ తలూపి, మళ్లీ టేపు పట్టి భుజం కొలిచారు.

ఆ మర్నాటి నుంచి అరల్లోని విమానాలన్నిటికీ, అతుకులు బ్లేడుతో కోసి, వెనక మూతలు తెరవసాగారు. చిన్న గీత పడినా విలవిల్లాడే మనిషి, అద్దాలు పుటుక్కున విరుగుతున్నా ఆగలేదు. నేను చెయ్యి పట్టుకోబోతే, "పగిల్తే పగలనియ్ అన్నా. బయటికొచ్చే తోవ ఉండాలె" అన్నారు. అటుపై ఆయన ఏ విమానానికీ వెనక మూత వెయ్యలేదు.

ఆ పనిబల్ల మీదే తల వాల్చి ఆయన వెళ్లిపోయారు. కంటికి కనిపించని చోట కూడా ఇంత శ్రద్ధగా ప్రేమించగల మనిషిని ఈ జన్మలో నేను మళ్లీ చూడబోను. ఆ చేతులకు నా నమోవాకాలు.

దశదినకర్మ నాడు పంతులుగారు పిండం పెట్టిస్తుంటే విజయక్క ముందుకొచ్చి, "అయ్యగారూ, ఇంకో పేరు సుత చదువుండ్రి, రాజేశం" అంది. ఆ ఇంట్లో రాజేశానికి ఎన్నడూ కర్మ జరగలేదు. బతికున్నన్నాళ్లూ నర్సవ్వ ఒప్పుకోలేదు, తర్వాత మాస్టర్ ఒప్పుకోలేదు.

"ఆయన పోయి ఎంత కాలమైందమ్మా?" అని అడిగారు పంతులుగారు.

"మొన్ననే," అంది విజయక్క. "మా ఆయనతోటే పోయిండు."