జీపు మీసాలు

ముసలితనంలో అక్షరాలు నేర్చుకున్నాను. మొగుణ్ణి పొగడడానికైతే కాదు. కానీ ఇదొక్కటి రాయాలి.

పంతొమ్మిదొందల తొంభైల్లో మా ఆయన భిలాయిలో పవర్ హౌస్ పేట నుంచి కోహ్కా పేటకి జనాన్ని ఎక్కించుకుని సొంత జీపు నడిపేవాడు. జీపుల ముందు లావుపాటి ఇనపగొట్టాలు బిగించుకోవడం అప్పుడే మొదలైంది. గార్డు అనేవాళ్ళు. గార్డు లేనివాణ్ణి స్టాండులో మగాడి లెక్కలో వేసేవారు కాదు. ఒకసారి గేదె అడ్డం వచ్చి మా లైట్లు పగిలాయి. ఆ వంకతో మా ఆయనా బిగించాడు. అబద్ధమెందుకు, నాకూ నచ్చింది. ఎదురుగా వస్తుంటే ఆంబోతులా ఉండేది.

విశ్వకర్మ పూజ వచ్చింది. భిలాయిలో ఇనుముతో బతికే ప్రతివాడూ ఆ రోజు పనిముట్లకు బొట్టు పెట్టి పక్కన పెడతాడు. నేను సిందూరం నూనెలో కలిపి పై గొట్టం పొడుగునా బొట్లు పెట్టాను. కొబ్బరికాయ చప్పుడు విని, ముక్క కోసం మా చిన్నది ఇంట్లోంచి పరిగెత్తుకొచ్చి, ఆగలేక గొట్టానికి తగిలింది. దెబ్బేం లేదు, నవ్వుతోంది. ఇటు తిరిగితే నుదుటి మధ్య ఎర్రటి బొట్టు. ఎవరూ పెట్టలేదు.

నేను నవ్వాను. మా ఆయన నవ్వలేదు. దాన్ని మళ్ళీ గొట్టం ముందు నిలబెట్టి చూశాడు. గొట్టం సరిగ్గా దాని నుదుటి ఎత్తుకే ఉంది.

"ఏటయ్యా, అలా సూస్తన్నావు?"

"రేకైతే కూసింత సొట్టయినా పడతాది. ఇది వంగుతాదేటే? లైటుని కాస్తాది సరే. బడికెళ్ళే పిల్లల్నెవలు కాస్తారు?"

పానా తీశాడు.

"పూజనాడు పానా ముట్టకూడదు!"

"ఇశ్వకర్మ నాకన్నా పెద్ద మేస్త్రీ. ఆయనకి తెలుస్తాదిలే."

గొట్టాలు ఊడదీసి పెరట్లో పారేశాకే కొబ్బరిముక్క నోట్లో వేసుకున్నాడు.

మర్నాడు అన్నం క్యారేజీ ఇవ్వడానికి స్టాండుకి వెళ్ళాను. నవ్వులే నవ్వులు. "క్యా భయ్యా, ఎవరు పోయారు?" అని ఒకడు. మా శ్రీకాకుళం వాడొకడు మరీ గట్టిగా అడిగాడు.

"ఏటి మావా, జీపుకి మీసాలు గొరిగించేసినావేటి?"

"మీసం మళ్ళీ మొలుస్తాదిరా. బుర్ర మొలుస్తాదేటి?"

అంటూ మా ఆయన నా చేతిలో క్యారేజీ అందుకున్నాడు. ఆ మాట విని ఒక్కడూ గార్డు తీయలేదు, అది వేరే సంగతి.

తర్వాత ఒక ఆవు వల్ల మా లైట్లు మళ్ళీ పగిలాయి. తిట్టుకుంటూ కొత్తవి వేయించాడు. గొట్టాలు పెరట్లోనే ఉన్నాయి, ఆనపపాదు పాకుతోంది. అటు చూడనైనా లేదు.