కుక్కలు లేని దెయ్యం

ఒక మధ్యాహ్నం పాకాల స్టేషన్ వెయిటింగ్ రూములో కూర్చుని, మా దెయ్యం నాటకం కోసం చేసుకున్న శబ్దాల క్యాసెట్ వింటున్నాను. ఉరుములు, తలుపు కిర్రుమనడం, డజను కుక్కల ఏడుపు. పోయినసారి మా దెయ్యాన్ని చూసి జనం ఈలలు వేశారు. ఈసారీ వేస్తే నాటకాలు మానేస్తానని మా ఆవిడకు మాటిచ్చాను. ఆమె ఎంతో ఆశగా ఎదురుచూస్తోంది.

ఇవేం శబ్దాలని అడిగిన ఎదురు బెంచీ మీది పెద్దాయన, దెయ్యం నాటకానికని చెప్పగానే మొహం చిట్లించాడు.

"ఇన్ని కుక్కలు అరిస్తే దెయ్యం యాడొస్తాదప్పా? అదే బయపడి పారిపోతాది. టెంటు సినిమాలో ముప్పై ఏండ్లు ఆపరేటరు పని సేసినాను. దెయ్యం వచ్చే ముందర సౌండు మొత్తం ఆపేస్తా ఉంటి. పక్కోడి ఊపిరి మనకు ఇనపడాల. బయమంటే అదీ!"

లేచి వచ్చి, అడక్కుండానే నా టేపు ఆపేశాడు. గదిలో పాత ఫ్యాను టక్కు టక్కుమంటోంది. నేను ఉలిక్కిపడి వెనక్కి తిరిగాను.

"ఏముండాది ఆడ?" అన్నాడు వెటకారంగా.

ఏమీ లేదు.

నాటకంలో దెయ్యం వచ్చే ముందు టేపు ఆపించాను. ఒక్క ఈల కూడా పడలేదు. ముందు వరసలో మా ఆవిడ, పక్కావిడ చెయ్యి గట్టిగా పట్టుకుని కూర్చుంది. నాచేత నాటకాలు మాననివ్వలేదని, తనెప్పుడూ చూడని ఆ పెద్దాయన్ని ఇప్పటికీ తిడుతూనే ఉంటుంది.