నలభై అద్దాలకు అవతల

దుబాసీ అనే మాట ఇప్పుడు ఎవరూ వాడటం లేదు. రెండు భాషల మధ్య నిలబడి ఇటు మాటను అటు చేరవేసే మనిషిని పూర్వం అలా పిలిచేవారు. ఓడరేవుల్లో, కోర్టు వరండాల్లో, సంతల్లో నేను చాలామంది దుబాసీలను చూశాను. కొందరు మాటను మోసుకెళ్తూ దారిలో కాస్త తినేసి మిగిలింది అప్పగిస్తారు. కొందరు సొంత సరుకు కలిపి అప్పగిస్తారు. ఎత్తుకున్నదాన్ని ఎత్తుకున్నట్టే దించేవాళ్లు బహు తక్కువ. అలాంటి ఒకామె నేను అద్దెకుంటున్న ఇంట్లోనే, కింది వాటాలో ఉంటుంది.

ఆమెది నోటితో ఒక భాష, చేతులతో ఒక భాష. తల్లీ తండ్రీ ఇద్దరూ పుట్టుకతో వినబడనివాళ్లు. ఈమె చెవులు మాత్రం పాము చెవులు. ఏడాది పిల్లప్పుడే పాలు కావాలని చేత్తో అడిగిందట. నోటి మాటను ఆ తర్వాతెప్పుడో పక్కింటి రేడియో దగ్గర కూర్చుని పట్టుకుందట. ఏడేళ్లప్పుడు తండ్రి పనిచేసే మిల్లులో మేనేజరు పిలిపించి, "మీ నాన్నని రేపట్నుంచి రావద్దని చెప్పు పాపా" అన్నాడు. ఆ మాటను ఆ పిల్ల తన చేతులతోనే తండ్రికి చెప్పాల్సి వచ్చింది.

"ఏడవకుండా ఎలా చెప్పావమ్మా?" అని ఒకసారి అడిగాను.

"ఏడిస్తే కళ్లు మసకేస్తాయి కదా బాబాయిగారూ. నాన్న తిరిగి ఏమంటున్నాడో ఎలా కనబడుతుంది?" అంది.

ఇప్పుడామెకు నలభై దాటాయి. ఆస్పత్రులకు దుబాసీలను సమకూర్చే సంస్థ ఒకటి ఆమెకు పని ఇస్తుంది. ఎక్కడో ఒక ఆస్పత్రిలో డాక్టరూ, వినబడని రోగీ ఎదురెదురుగా కూర్చుంటారు. ఈమె తన గదిలో తెరముందు కూర్చుని డాక్టరు మాటను సైగల్లోకి, రోగి సైగలను మాటల్లోకి మారుస్తుంది. తలుపు మూసిన గది ఉండాలి, వెనక ఖాళీ గోడ ఉండాలి, ఇంకో మనిషి చెవిన పడకూడదు, విన్నది గడప దాటకూడదు. ఇవీ నియమాలు. అందుకే ఇంట్లో అన్నిటికంటే లోపలి గది ఆమెది.

ఇంటి వరస చెప్పాలి, లేకపోతే కథ అర్థం కాదు. భర్త అద్దాల వ్యాపారి. వీధి వైపు ఆయన కొట్టు, దాని వెనక సామాన్ల గది, దాని వెనక ఆమె గది. మూడూ రైలుపెట్టెల్లా ఒకదాని వెనక ఒకటి. పక్కనుంచి ఒక సన్నటి నడవా. ఇంటర్నెట్ తీగ కొట్టు వరకే వచ్చింది కాబట్టి వైఫై రూటరు కొట్టులోనే, మేకు కొట్టిన చెక్కమీద ఉంటుంది. నాలుగేళ్లుగా ఆ ఏర్పాటుకు ఏ లోటూ రాలేదు.

మూడు వారాల కిందట వచ్చింది.

ఆ రోజు తెరమీద ఉన్నది ఒక కుట్టుపని అమ్మాయి. దుబాసీ తల్లికి, అంటే ఈ ఇంట్లోనే ఉండే, మేమంతా పెద్దామె అని పిలిచే ఆమెకు, పాత స్నేహితురాలి కూతురు. ఆ అమ్మాయికీ వినబడదు. కుడి మణికట్టులో నరం నలిగి వేళ్లు తిమ్మిరెక్కుతున్నాయి, ఆపరేషన్ చెయ్యాలన్నారు. ఆ చేత్తోనే కుడుతుంది, ఆ చేత్తోనే మాట్లాడుతుంది. కట్టు కడితే ఎన్నాళ్లు మాట్లాడకుండా ఉండాలి, మళ్లీ వేళ్లన్నీ మునుపటిలా కదులుతాయా, ఇవన్నీ అడిగి తేల్చుకుంటే తప్ప సంతకం పెట్టనని కూర్చుంది. బడిమొహం చూడని పిల్ల, కాగితంమీద రాసి చూపిస్తే లాభం లేదు. ఆమె సైగలు ఇంట్లో పుట్టిన సైగలు, వేరే దుబాసీలకు సగమే తెలుస్తాయి. చిన్నప్పటినుంచీ ఆ ఇంట్లో తిరిగిన మన దుబాసీకి పూర్తిగా తెలుస్తాయి. (ఈ సంగతులేవీ దుబాసీ నాకు చెప్పలేదు, ఆమె చంపినా చెప్పదు. ఆ అమ్మాయే తన గోడు పెద్దామెకు వీడియో ఫోన్లో సైగలతో చెప్పుకుంది. రాసుకోవచ్చని తర్వాత నాకు ఒప్పుకోలూ ఇచ్చింది.)

పదకొండో నిమిషంలో తెరమీద దుబాసీ చేతులు గాల్లో ఆగిపోయాయి. కాసేపటికి బొమ్మ గళ్లుగళ్లుగా చెదిరిపోయింది. పది రోజుల తర్వాత మళ్లీ కూర్చుంటే ఆరో నిమిషంలోనే ఆగిపోయింది. డాక్టరు విసుక్కున్నాడట.

ఇక ఇంట్లో వైద్యం మొదలైంది. మొరాయించిన యంత్రం ముందు మనుషులు చేసే పనులు నేను తిరిగిన ఊళ్లన్నిటా ఒకటే. పూర్వం రేడియో నెత్తిమీద ఒకటి కొట్టేవారు, ఇప్పుడు స్విచ్ ఆపి వేస్తున్నారు. అద్దాలాయన రూటర్ని రోజుకు నాలుగుసార్లు ఆపి, ముప్పై లెక్కపెట్టి, మళ్లీ వేసేవాడు. దాన్ని గోడమీద ఇంకో జానెడు పైకెక్కించాడు. దాని కొమ్ములు రెండూ నిటారుగా ఒకసారి, పక్కకు వాల్చి ఒకసారి పెట్టి చూశాడు. తెర ఉన్న యంత్రానికి నేరుగా తీగ తగిలిద్దామంటే, సంస్థ ఇచ్చిన ఆ పలకలాంటి ట్యాబ్‌కు తీగ దూర్చే చోటే లేదు. ఫోన్ డేటాతో నడుపుదామంటే, మూడు పక్కలా ఎత్తైన భవనాలు, ఇంటి లోపల ఒక్క గీత కూడా నిలవదు. నా గదికి వెళ్దామంటే, నాకు వైఫై అనే జంజాటమే లేదు.

ఇంటర్నెట్ కంపెనీనుంచి ఒక మెకానిక్కు వచ్చాడు. కొట్టులో నిలబడి కొలిచాడు.

"ఫుల్లు స్పీడ్ వస్తోంది సార్. మీకు రావాల్సిందానికంటే ఓ వీసం ఎక్కువే."

"ఇక్కడ కూర్చుని నేనేం సినిమాలు చూడటంలేదు నాయనా. లోపలికి రా," అన్నాడు అద్దాలాయన.

లోపలి గదిలోంచి అతను కొట్టులో ఉన్న ఆయనకు వైఫైమీదే ఫోన్ చేశాడు. "హలో... హలో... వినిపిస్తోందా సార్?"

"వినిపిస్తోంది!"

"చూశారా మేడమ్? వినిపిస్తోందట."

"నాకు వినిపించడం అక్కర్లేదు బాబూ, కనిపించాలి," అంది ఆమె.

"రెండూ ఒకటే మేడమ్," అన్నాడతను. చుట్టుపక్కల ఇళ్ల రూటర్లన్నీ ఒకే దారిలో తోసుకుంటున్నాయని చెప్పి, వీళ్ల రూటర్ని వేరే చానల్లోకి మార్చి, చేతులు దులుపుకుని వెళ్లిపోయాడు. రెండూ ఒకటి కావు. మాటకు సన్నటి దారి చాలు. కదిలే బొమ్మకు బండి పట్టే బాట కావాలి. ఆ తేడా మాలో ఎవరికీ తట్టలేదు. చెవులున్నవాళ్లం కదా, అందరం హలో హలో అనుకుంటూ చెవులతోనే పరీక్షించాం.

తర్వాత అద్దాలాయన సిగ్నల్ని అందుకుని ముందుకు పంపే చిన్న డబ్బా ఒకటి తెచ్చి, భార్య బల్ల పక్కనే తగిలించాడు. ఆమె ఫోన్లో గీతలన్నీ నిండుగా లేచాయి. ఇల్లంతా సంబరం. తీరా బొమ్మ తెరిస్తే మళ్లీ పాత కథే. ఆ డబ్బా పాపం ఏం చేస్తుంది? దాని చెవికి అందిందే గుసగుస అయితే, ఆ గుసగుసనే పక్కవాడికి గట్టిగా చెప్పింది.

శనివారం సాయంత్రం కబురొచ్చింది. సోమవారం పది గంటలకు ఆఖరిసారి మాట్లాడతారు. కుదరకపోతే ఆపరేషన్ వంతు రెండు నెలలు వెనక్కి పోతుంది. అంతకాలం ఆగితే నరం కోలుకోవడం కష్టమని డాక్టరు ముందే చెప్పి ఉన్నాడు. వెళ్దామంటే ఆ అమ్మాయి ఉండే ఊరు ఇక్కడికి రెండు రోజుల ప్రయాణం.

"ఇంకెవరినైనా పెట్టుకోమని చెప్పెయ్యనా?" అంది ఆమె ఆ రాత్రి అన్నం ముందు కూర్చుని.

"నీకు అనుమానం ఎక్కువ. ఈసారి ఆగదులే," అన్నాడాయన.

"అనుమానం కాదండీ. నా చేతులు అక్కడ కొయ్యబారిపోతున్నాయి. ఆ పిల్ల నా మొహంలోకి అలా చూస్తూ కూర్చుంటోంది."

ఆయన అన్నం మధ్యలో లేచి వెళ్లి రూటర్ని మళ్లీ ఆపి వేశాడు.

ఆదివారం పొద్దున దుబాసీ కూరగాయలకు వెళ్లింది. నేను కొట్టులో కూర్చుని ఆయన పేపరు చదువుతున్నాను. లోపల పెద్దామె కూతురితో ఫోన్లో మాట్లాడుతోంది. అంటే ఒక చేత్తో ఫోన్ పట్టుకుని, రెండో చేత్తో సైగలు చేస్తోంది. ఇంతలో ఆమె బొటనవేలి ఉంగరం జారి దొర్లిపోయి సామాన్ల గదిలో అద్దాల వెనక్కి వెళ్లిందట.

ఆ అద్దాల సంగతి చెప్పాలి. వ్యాయామశాల ఒకటి కడుతున్నారని, దాని గోడలకు నలభై నిలువుటద్దాలు కావాలని అద్దాలాయనకు పని వచ్చింది. ఒక్కొక్కటి మనిషికంటే ఎత్తు. సరుకు మూడు వారాల కిందటే దిగింది, శాల మాత్రం పూర్తి కాలేదు. అద్దాన్ని పడుకోబెడితే తన బరువుకే పగులుతుంది, నిలబెట్టాల్సిందే. అందుకని సామాన్ల గది వెనక గోడకు, అంటే భార్య గది గోడకు, ఈ చివరినుంచి ఆ చివరిదాకా మూడు వరసలుగా, మధ్యలో కాగితాలు పెట్టి వాల్చాడు. గోడకూ అద్దాలకూ నడుమ కింద కాస్త సందు మిగిలింది.

పెద్దామె ఆ సందులోకి ఫోన్ పట్టుకున్న చెయ్యి దూర్చింది, తెర వెలుతురులో ఉంగరం కనిపిస్తుందేమోనని. తెరమీద కూతురు, చేతిలో వంకాయ పట్టుకుని, బొమ్మలా ఆగిపోయింది. చెయ్యి బయటికి తీసింది, కూతురు కదిలింది. లోపల పెట్టింది, ఆగింది. అలా ఏడుసార్లు చేసిందట. ఉంగరం మాట మరిచిపోయి, కొట్టులోకి వచ్చి అల్లుడి చొక్కా పట్టుకుని లాక్కెళ్లింది. వెనకే నేనూ వెళ్లాను.

అత్తగారి సైగలను నోటితో తిరిగి అనడం అద్దాలాయన అలవాటు, కాబట్టి నాకు ఇద్దరి మాటలూ అందాయి.

"ఇవా? ఇవి గాజు అత్తయ్యా," అంటూ ఆయన కిటికీ వైపు చూపించాడు. "గాజులోంచి వెలుతురే పోతుంది. సిగ్నల్ పోదా?"

పెద్దామె కిటికీ దగ్గరికి వెళ్లి వేలు పెట్టింది. "దీంట్లోంచి వీధి కనిపిస్తోంది," అంటోంది ఆమె చెయ్యి. తిరిగొచ్చి అద్దంమీద వేలు పెట్టింది. "దీంట్లోంచి వెనక గోడ కనిపిస్తోందా? నీ మొహమే కనిపిస్తోంది."

ఆమె అన్నమాటను పైకి అంటూ అంటూ ఆయన సగంలో ఆగిపోయాడు. అద్దంలో ఆయన నోరు తెరుచుకునే ఉంది.

ఇరవై రెండేళ్లుగా ఆయన పని అద్దాలతోనే. పూర్వం గాజు వెనక తగరం, పాదరసం పట్టించేవారనీ, ఇప్పుడు వెండి పూత వేస్తున్నారనీ, పూతలో లోపముంటే అద్దం మచ్చలెక్కుతుందనీ నాకు గంటలకొద్దీ చెప్పిన మనిషి. వెలుతురును వెనక్కి తోసే ఆ లోహపు పూతే వైఫైనీ వెనక్కి తోస్తుందని ఆయనకు తట్టలేదు. ఒక్కటి కాదు, నలభై. భార్యకూ లోకానికీ మధ్య తనే ఒక వెండి గోడ కట్టి, మూడు వారాలు రూటర్ని తిట్టాడు.

"బాబాయిగారూ, ఈ మాట మన వీధిలో ఎక్కడా..." అన్నాడు నెమ్మదిగా.

"నేను చెప్పను. మీ అత్తగారిని ఆపడం మాత్రం నా వల్లకాదు," అన్నాను. పెద్దామె అప్పటికే ఫోన్లో కూతురికి చెప్పేస్తోంది, రెండు భుజాలూ ఎగిరిపడేలా నవ్వుతూ.

దుబాసీ సంచీతో గుమ్మంలోకి వచ్చి భర్తను చూసింది. ఆయన తిట్లకు సిద్ధపడి నిలబడ్డాడు. ఆమె సంచీ కింద పెట్టి, "అద్దాలేనా? నా చేతకానితనం కాదా?" అని అక్కడే మెట్టుమీద చతికిలబడింది. మూడు వారాలుగా ఆమె తననే నిందించుకుందని మాకు అప్పుడు తెలిసింది. చేతులు మరీ త్వరగా ఆడిస్తున్నానేమో, అందుకే బొమ్మ తట్టుకోలేకపోతోందేమో అని గదిలో కూర్చుని నెమ్మదిగా సైగ చేయడం సాధన చేసిందట.

మధ్యాహ్నం అద్దాలు కదిలాయి. మొగుడూ పెళ్లాం చెరో వైపు తోలు తొడుగులు వేసుకుని పట్టుకున్నారు. "అద్దంలోకి చూడకు, నా కాళ్లను చూడు" అని ఆయన ప్రతి అద్దానికీ అంటూనే ఉన్నాడు. మోసేటప్పుడు అద్దంలోకి చూస్తే నేల ఎటుందో తెలియక తూలిపోతారట. పెద్దామె ముందు నడుస్తూ దారి చూపించింది. నా నడుముకు అంత ఓపిక లేదు కనుక కాగితాలు అందించాను. సామాన్ల గదిలో ఉన్నవన్నీ కొట్టులో వీధి వైపు గోడకు, రూటరుకు అవతల చేరాయి. వాటితో కొట్టు ఎంత ఇరుకైందంటే, వచ్చినవాళ్లు పక్కకు తిరిగి దూరాలి. ఆ పంపించే డబ్బాను కూడా భార్య బల్ల దగ్గర పీకి, సామాన్ల గదిలో, రూటరు ఇంకా బలంగా అందే చోట పెట్టాడు. తర్వాత పెద్దామె లోపలి గదిలో కుర్చీలో కూర్చుంది, దుబాసీ వీధిలో నిలబడింది. ఇద్దరూ గంటసేపు చేతులతో కబుర్లాడుకున్నారు. ఈసారి హలో హలో ఎవరూ అనలేదు.

సోమవారం పదింటికి ఆమె గది తలుపు మూసుకుంది. ఆమె గొంతు చెవిన పడకూడదని మేం ముగ్గురం వీధి అరుగుమీద కూర్చున్నాం. అద్దాలాయన గడియారం చూసుకుంటూ ఉన్నాడు. ఆరో నిమిషం దాటింది. పదకొండు దాటింది. పన్నెండో నిమిషానికి ఆయన ఊపిరి వదిలాడు. ఇరవైకి, "టీ తాగుతారా బాబాయిగారూ?" అన్నాడు. ముప్పై అయిదుకు పెద్దామె వచ్చేపోయేవాళ్లను చూడటం మొదలుపెట్టింది.

నలభై ఏడో నిమిషంలో తలుపు తెరుచుకుంది. దుబాసీ నడవాలోంచి మణికట్లు పిసుక్కుంటూ వచ్చింది.

"ఒక్కసారి కూడా ఆగలేదు," అంది.

"సంతకం పెట్టిందా?" అన్నాడాయన ఆత్రంగా.

"అలాంటివి నన్నడగొద్దని పెళ్లైన దగ్గర్నుంచీ చెప్తున్నాను." కోపంగానే అంది. కానీ ఆ కోపంలో ఎక్కడా పదును లేదు. పెద్దామె కూతురి మొహంలోకి ఒక్క క్షణం చూసి, ఇంకేమీ అడగకుండా లేచి పొయ్యి వెలిగించడానికి వెళ్లింది. సాయంత్రానికి ఆ కుట్టుపని అమ్మాయే ఫోన్ చేసి ఆమెకు అన్నీ చెప్పుకుంది. గురువారం ఆపరేషన్, మూడు వారాలు కట్టు, ఆ మూడు వారాలూ ఎడమ చేత్తో మాట్లాడాలి, ఎడమ చేతి మాటలు చూసి ఎవరూ నవ్వకూడదు.

అంతకుముందు, మధ్యాహ్నమే, దుబాసీ అన్నం తిని తన గదిలో నేలమీద చాప వేసుకుని నిద్రపోయింది. వేళ్లు కాస్త వంగి, అరచేతులు రెండూ పైకి తెరుచుకుని ఉన్నాయి. పెద్దామె వచ్చి చూసింది. తలుపు ఎంత చప్పుడు చేస్తుందో ఆమెకు జీవితంలో ఎన్నడూ తెలియదు. అందుకే రెండు చేతులతో పట్టుకుని, వెంట్రుకవాసి చొప్పున దగ్గరికి వేసి, మూసుకుందో లేదో అరచెయ్యి ఆనించి చూసుకుని వెళ్లింది.