చోక్‌కు పెట్టిన బట్టల క్లిప్పు

మొన్న పంజాగుట్ట సిగ్నల్ దగ్గర, మెట్రో నీడలో ఆగినప్పుడు నా కారు ఉన్నట్టుండి గడగడ వణికింది. పక్క సీట్లో కూర్చున్న మా అల్లుడు ఎంతో మర్యాదగా, "అత్తయ్యగారూ, ఈ వయసులో మీకెందుకండీ ఈ బాధ? కారు అమ్మేద్దాం, ఎక్కడికెళ్ళాలన్నా నేను క్యాబ్ బుక్ చేస్తాగా" అన్నాడు. మంచివాడే, కాదనను. కానీ ఆ "మీకెందుకు" అన్న మాట చెవిన పడితే నాకు ఒళ్ళు మండుతుంది, ఎందుకంటే నా పడుచు రోజుల్లో ఇదే సిగ్నల్ దగ్గర మా బావగారి నోటా అదే మాట విన్నాను.

అప్పుడు మేము ఎస్.ఆర్. నగర్‌లో ఉండేవాళ్ళం. మావారికి ఎప్పుడూ క్యాంపులే కాబట్టి, అత్తగారిని ఆదివారం పంజాగుట్టలో చర్చికి తీసుకెళ్ళడం, పిల్లల్ని బడిలో దింపడం, అమీర్‌పేటలో నేను టైపు నేర్పే ఇన్‌స్టిట్యూట్‌కు పోవడం, అన్నీ మా పాత కారులో నా చేతిమీదుగానే జరిగేవి. సిటీబస్సులో ఒంటికాలి మీద వేలాడిన నా తోటివాళ్ళకు, సొంత స్టీరింగు పట్టుకున్న ఆడదాని ధీమా ఎలా ఉంటుందో నేను వేరే చెప్పక్కర్లేదు.

ఆ కారుకు ఒక మాయరోగం పట్టుకుంది. చోక్ అంటే ఈ కాలం పిల్లలకు తెలియదుగాని, చల్లగా ఉన్న ఇంజనుకు గాలి తగ్గించి పెట్రోలు ఎక్కువ తాగించే పిడి అది. పొద్దున్నే దాన్ని లాగి స్టార్ట్ చేస్తే కారు బుద్ధిగా నడిచేది. తీరా ఇంజను వేడెక్కి, చోక్ లోపలికి తోసేసి, ఏ సిగ్నల్ దగ్గరో ఆపామా, చలిజ్వరం వచ్చినట్టు వణికి వణికి ఆగిపోయేది. వెనక హారన్ల మోత, పక్కన స్కూటరు మీది మగమహారాజుల ముసిముసి నవ్వులు!

అమీర్‌పేట సందులో షెడ్డున్న మెకానిక్ భాయ్ దగ్గర, ఉద్యోగాలకు పోయేవాళ్ళందరిలాగే నేనూ పొద్దున కారు వదిలేసి సాయంత్రం తెచ్చుకునేదాన్ని. ఎప్పుడు అడిగినా అతనిది ఒకటే మాట: "గాడి మస్తుగున్నది మేడం, జర ఐడ్లింగ్ పెంచిన, ఫికర్ చెయ్యకుండ్రి." ఆగి ఉన్నప్పుడు ఇంజను తిరిగే వేగం అలా పెంచడంతో కారు ఊరికే రంకెలు వేసేదేగాని రోగం కుదిరేది కాదు.

మా బావగారు, అంటే మావారి అన్నగారు, ఊళ్ళో సగం కార్లకు చేసే వైద్యమే మాకూ చేశారు. చోక్ పిడిని సగం బయటికి లాగి, లోపలికి పోకుండా దాని మెడకు బట్టల క్లిప్పు పెట్టేశారు. వణుకైతే తగ్గింది, కానీ వెనక నల్లటి పొగ, లోపల పెట్రోలు కంపు, కొంగు ముక్కుకు అడ్డంపెట్టుకుని మా అత్తగారి దగ్గు. చివరికి ఆయనే విసిగిపోయి, ఒక ఆదివారం చర్చి నుంచి వస్తూ పంజాగుట్ట సిగ్నల్ దగ్గర, "నీకెందుకమ్మా ఈ బాధ, వచ్చే ఆదివారం ఒకాయన్ని తీసుకొస్తా, అమ్మేద్దాం" అని తేల్చేశారు. మావారు ఫోనులో "అన్నయ్య చెప్పినట్టు చెయ్" అన్నారు. నడిపేది నేను, నిర్ణయాలు మాత్రం వీళ్ళవా? ఆ రాత్రి కోపంతో నాకు అన్నం సహించలేదు.

ఆ కోపమే నా బుర్రను పనిచేయించింది. చోక్ లాగితే, అంటే గాలి తగ్గిస్తే, కుదురుగా నడుస్తోందంటే ఇంజనులోకి ఎక్కడినుంచో దొంగగాలి పోతోందన్నమాట. పొద్దున చోక్ ఆ తప్పును కప్పిపుచ్చుతోంది. షెడ్డులో భాయ్ బానెట్ ఎత్తేసరికి ఇంజను చల్లారి ఉంటోంది, అతనికి రోగం కనబడేదెలా?

ఒక మధ్యాహ్నం సెలవు పెట్టి, క్లిప్పు పీకేసి, ఎర్రటి ఎండలో అమీర్‌పేటకూ పంజాగుట్టకూ మధ్య కారును తిప్పి తిప్పి, కుతకుతలాడుతున్న ఇంజనుతో షెడ్డు ముందు నిలబెట్టి, బంద్ చేయొద్దు భాయ్ అని కేకేశాను. ఇంట్లోంచి తెచ్చిన సబ్బునీళ్ళు, ఇన్‌స్టిట్యూట్‌లో ఇంకు పోసే ఫిల్లరు చేతిలో ఉన్నాయి. గాలి పోయే దారిలో అతుకు ఉన్న చోటల్లా చుక్క చుక్క వేస్తూ వచ్చాను. గాలినీ పెట్రోలునూ కలిపే కార్బొరేటర్ కింది అతుకు మీద వేయగానే, అబ్బ, వణుకు ఠక్కున ఆగింది! నీళ్ళు లోపలికి లాగేసుకోగానే మళ్ళీ మొదలైంది.

"గీ గాస్కెట్ పగిలిందా! పొద్దుగాల చల్లగున్నప్పుడు నాకెట్ల కనవడ్తది మేడం, గిట్ల వేడిమీద ముందే తేకపోతిరి" అని భాయ్ నవ్వుతూనే కోప్పడ్డాడు. అతని మాటా నిజమే. అరిగి పగిలిన ఆ అట్టముక్కను మార్చి, నట్లు బిగించి, పెంచిన ఐడ్లింగును మళ్ళీ తగ్గించాడు.

ఆదివారం చర్చి అయ్యాక బావగారిని ముందు సీట్లో కూర్చోబెట్టుకుని, పంజాగుట్ట సిగ్నల్ దగ్గర ఆపాను. ఇంజను నడుస్తోందో లేదో అన్నంత నెమ్మదిగా ఉంది. అప్పుడు ఆ బట్టల క్లిప్పు తీసి ఆయన చేతిలో పెట్టాను. వెనకసీట్లో అత్తగారు గలగలా నవ్వేశారు. కొనడానికొచ్చినాయన మా ఇంట్లో టీ తాగి వెళ్ళిపోయారు.

ఇప్పుడు ఆ షెడ్డున్న చోట కోచింగ్ బోర్డులు వేలాడుతున్నాయి, భాయ్ ఏమయ్యాడో తెలియదు. మొన్న ఇంటికొచ్చి బానెట్ ఎత్తితే నల్లటి ప్లాస్టిక్ మూత నా మొహం చూసింది. నా వేలు దూరే సందు కూడా ఈ ఇంజనులో లేదు, అది నాకు దిగులే. అల్లుడు రేపు పొద్దున్నే కారును చూసి, కొని తీసుకుపోవడానికి మనుషుల్ని రమ్మన్నాడట. రావద్దని నేనే ఫోను చేసి చెప్పేశాను. మిట్టమధ్యాహ్నం పంజాగుట్ట ట్రాఫిక్‌లో బాగా వేడెక్కించి, ఆ వణుకుతోనే సర్వీసు సెంటరుకు నేనే నడుపుకుంటూ వెళతాను. తాళం నా హ్యాండుబ్యాగులోనే ఉంది.