ఓటు యంత్రం పక్కన నిలబడే మనిషి

డిగ్రీలో మేజర్ సబ్జెక్టుగా పొలిటికల్ సైన్స్ తీసుకున్నానని చెప్పిన రోజు మా ఇంట్లో అందరూ నవ్వారు. జమ్మలమడుగు పక్క పల్లె మాది, గొర్రెలు కాసే ఇల్లు. నేను కామర్స్ చదివి ప్రొద్దుటూరులో ఏ బంగారు అంగట్లోనో ఉద్యోగం చేస్తానని వాళ్ల ఆశ.

"రాజకీయం నేర్సుకునేదానికి కాలేజీకి పోవల్నా పాపా? పులివెందుల బస్టాండు కాడ టీ అంగట్లో నాలుగు దినాలు కూసుంటే సాలు," అన్నాడు నాన్న.

నాకు ఒళ్లు మండింది. చచ్చినా సబ్జెక్టు మార్చనన్నాను.

క్లాసులో మేడం రహస్య ఓటు గురించి చెబుతుంటే నాకు మా ఊరి పోలింగ్ గదే గుర్తొచ్చేది. అక్కడ యంత్రం పక్కన ఒక మనిషి నిలబడతాడు. ఊళ్లో ఎక్కువ భూమి ఉన్న పెద్దాయన తాలూకు మనిషి. కోతలయ్యాక మా గొర్రెలు మేసేది ఆ పెద్దాయన చేలల్లోనే. ముసలివాళ్లకు బటన్ చూపించడానికని చెప్పుకుంటారు గానీ, ఆ మనిషి అందరికీ చూపిస్తాడు. ఇన్నేళ్లూ నాన్న అతని వేలు చూపిన చోటే నొక్కాడు.

నా మొదటి ఓటు వేసే ఎన్నికలొచ్చాయి. అతను పక్కనుంటే నొక్కేది లేదని ముందురోజే ఇంట్లో చెప్పేశాను. అమ్మ భయపడింది.

"రేపు మంద యాడ మేపల్ల? అది రాసినారా నీ పుస్తకంలో?" అని నాన్న కేకలేశాడు.

రాయలేదు. అయినా తగ్గలేదు.

మరుసటి రోజు వరుసలో నాన్న కంటే నేనే ముందున్నాను. లోపలికి వెళ్లగానే అతను వేలు చాపాడు.

"పక్కకు పో మామా," అన్నాను.

"నీకు తెలీదని సెప్తాండా."

"నాకు తెలుసు. నువ్వు పోతేనే నొక్కేది."

పోలింగ్ అధికారి తల వంచుకుని కాగితాలు సర్దుతూ, "తొందరగా కానీయమ్మా," అన్నాడు.

"ఆయన్ని పొమ్మనండి సార్, తొందరగానే అయితాది," అన్నాను గట్టిగా. వెనక వరుస ఆగిపోయింది. ఏందంట, ఏందంట అని తలుపు దగ్గర జనం తొంగి చూశారు. అతను గొణుక్కుంటూ నాలుగడుగులు జరిగాడు. నా ఓటు నేనే వేసుకున్నాను.

నాన్న వంతు వచ్చేసరికి అతను మళ్లీ యంత్రం పక్కకు చేరాడు. నేను తలుపు దగ్గరే ఆగి చూశాను. నాన్న బటన్ నొక్కలేదు. అతని మొహంలోకి చూస్తూ అలాగే నిలబడ్డాడు. చివరికి అతనే జరిగాక నాన్న ఓటేసి బయటికొచ్చాడు.

బయట షామియానా కింద పెద్దాయన కుర్చీలో ఉన్నాడు. "ఏమప్పా, ఎవరికేసినావు?" అని నాన్నను అడిగాడు.

"అది సెప్పేది కాదంటప్పా. మా పాప సదువుతాంది."

"అట్లనా? అయితే ఈసారి మందను యాడన్నా మేపుకోపో," అన్నాడు.

నాన్న తువ్వాలు దులిపి భుజాన వేసుకుని నడిచాడు. వెనకే నేను. తిడతాడనుకున్నాను. ఇల్లు దగ్గర పడ్డాక, వెనక్కి తిరగకుండానే అన్నాడు.

"దూరమైనా మందను ఖాజీపేట పక్క చేలకు తోలుకుపోతాలే. నువ్వు రేపు కాలేజీకి పో."