డబ్బాలోంచి కాలిన వాసన

ఒకప్పుడు నెస్తోర్ పాగుంతలన్ అంటే ఇలోయిలో అనే ఊరి రేవులో పేరున్న వెల్డరు. ఓడ అడుగున నిప్పురవ్వలు భుజాల మీద రాలుతున్నా కూనిరాగం తీస్తూ పని చేసుకునేవాడు. అలాంటివాడు నలభై నాలుగో ఏట, కంప్యూటర్లోంచి వచ్చిన రవ్వంత కాలిన వాసనకు బిగుసుకుపోయాడు.

తొమ్మిదేళ్ల కిందట నిచ్చెన జారి పడి, నడుము కిందంతా చచ్చుబడింది. తోటి పనివాళ్లు తలా కొంత వేసుకుని అతనికి ఆటలాడుకునే కంప్యూటరు కొనిపెట్టారు. వాళ్లు తర్వాత తలా ఒక దేశం ఓడల మీద వెళ్లిపోయారు గాని, ఇంటర్నెట్‌లో ఆడే ఆటలో మాత్రం కలుస్తూనే ఉన్నారు. ఐదుగురి జట్టుకు నెస్తోరే నాయకుడు. "కుడివైపు పోకండ్రా, గోడ వెనక కాచుకున్నారు" అని అతనంటే నలుగురూ ఠక్కున ఆగేవారు.

నెలాఖరుకు ఆ ఆట కొత్త రూపం వస్తోంది. పాత కంప్యూటరు దాన్ని మోయలేదు.

"ఒక మంచి గ్రాఫిక్స్ కార్డు పెట్టించు, పరిగెడుతుంది" అన్నాడు జట్టులోని రెనాటో.

"ఆ ముసలిదానికి నగలెందుకురా? కొత్తది కొనుక్కో" అన్నాడు జట్టులో ఇంకొకడు, దోదోంగ్.

నెస్తోర్ ఏదీ తేల్చుకోలేదు. ఆట మధ్యలో కంప్యూటరు దానంతటదే ఆరిపోతోందనీ, వెనకనుంచి వాసన వస్తోందనీ ఎవరికీ చెప్పలేదు. విప్పితే మళ్లీ లేవదేమో. లేవకపోతే ఆ నలుగురి గొంతులూ ఉండవు. అక్క ఫెలీసాకు తెలిస్తే ఇక చెప్పనే అక్కర్లేదు. ఆరేళ్ల కిందట ఎవరింట్లోనో ఫ్యాను కాలి సందంతా తగలబడినప్పుడు, తమ్ముణ్ణి వీపున వేసుకుని నది ఒడ్డుదాకా పరిగెత్తింది ఆవిడే. ఇప్పుడామె మోకాళ్లకు ఆ సత్తువ లేదు. అందుకే ఆమె వచ్చే వేళకు కిటికీ తెరిచి, ఫ్యాను తిప్పి వాసన పోగొట్టేవాడు.

ఒక గురువారం మధ్యాహ్నం ఫెలీసా బజారులో బాచోయ్ సూపు అమ్ముకుంటోంది. నెస్తోర్ ఆటలో ఉన్నాడు. ఉన్నట్టుండి చిటపటమంది. తెర నల్లబడింది. డబ్బా వెనకనుంచి తెల్లటి పొగ లేచింది.

ప్లగ్గు బల్ల వెనక, గోడ కింద ఉంది. చెయ్యి అందలేదు. "ఎవరైనా రండి!" అని అరిచాడు. పక్కింట్లో పుట్టినరోజు, మైకులో పాటలు. ఎవరికీ వినపడలేదు. గోడలు పలక చెక్కవి. అంటుకుంటే ఎంతసేపు పడుతుందో అతనికి తెలుసు. చక్రాల కుర్చీలోంచి కిందికి దొర్లాడు. మోచేతుల మీద పాకి, బల్ల కింద దూరి, వైరు దొరకబుచ్చుకుని బలంకొద్దీ లాగాడు. ప్లగ్గు ఊడి మొహానికి తగిలింది.

అయినా కదలలేదు. పొగ తగ్గుతోందా, మంట రాబోతోందా అని చూస్తూ నేల మీదే పడి ఉన్నాడు. గంటన్నర తర్వాత ఫెలీసా వచ్చేటప్పటికి చొక్కా చెమటతో తడిసి ముద్దయింది.

"ఎన్నాళ్లనుంచిరా ఇది?"

"...మూడు వారాలు."

"మూడు వారాలు! పక్కింటి పిల్లల పక్కనే నిప్పు పెట్టుకుని నోరు మూసుకున్నావా?" ఆమె కొట్టలేదు. అతని తల ఒళ్లో పెట్టుకుని ఏడ్చింది. అది చూసి అతనికి ఇంకా భయమేసింది.

మర్నాడు కంప్యూటర్లు బాగుచేసే ఎడ్నా వచ్చి డబ్బా విప్పింది. "కరెంటు సరఫరా చేసే పెట్టె మాడిపోయింది అన్నా. దీనికే కొత్త కార్డు తగిలించి ఉంటే, అది లాగే కరెంటుకు నిన్న పొగతో పోయేది కాదు."

"ఆ పెట్టె మారిస్తే?"

"పాత ఆట ఆడుకోవచ్చు. కొత్త ఆటకు వేరే ప్రాసెసరు కావాలి, దానికి వేరే బోర్డు, ఆ బోర్డుకు వేరే మెమరీ. ఇక మిగిలేది ఈ రేకు డబ్బా."

నెస్తోర్ మంచం వైపు తిరిగాడు. మంచం కింద అతని వెల్డింగు మిషను ఉంది. ఏనాటికైనా లేచి నిలబడతానని తొమ్మిదేళ్లు నూనె రాసి దాచుకున్నాడు. "అక్కా, దాన్ని అమ్మెయ్యి" అన్నాడు.

ఫెలీసా అతని మొహం వంక చూసి, వంగి మిషను బయటికి లాగింది.

ఆ డబ్బుతో వారానికి కొత్త కంప్యూటరు వచ్చింది. ప్లగ్గు అతని చేతికి అందేలా బల్ల మీదికి మార్పించారు. తొలిరోజు మీట నొక్కబోయి ఆగి, ప్లగ్గు అందుతుందో లేదో చెయ్యి చాచి చూసుకున్నాడు. ఫెలీసా నీళ్ల బకెట్టు తెచ్చుకుని పక్కన కూర్చుంది.

"కరెంటు మీద నీళ్లు పోస్తావా? చంపుతావా నన్ను?" అన్నాడు. ఆమె గబగబా వెళ్లి ఇసుక తెచ్చింది.

తెర వెలిగింది. "ఎక్కడ చచ్చావురా, వారంనుంచి గోడలకు గుద్దుకుంటున్నాం!" అని రెనాటో గొంతు. నెస్తోర్ ముందు ముక్కెగరేసి గాలి పీల్చాడు. కొత్త ప్లాస్టిక్ వాసన తప్ప ఏమీ లేదు. ఇంకోసారి పీల్చి, అప్పుడు మాట్లాడాడు.